సముద్రానికి కంప వేసి వచ్చాం

ముందే చెబుతున్నాను. నేను సముద్రం చూడడానికి పోలేదు, పోట్లాడడానికి పోయాను. మా వదిన సుశీలమ్మ నన్ను పిలిచింది కూడా అందుకే.

"లలితా, నాకు పని వస్తాది, మాట రాదు. ఆడ ఇంగ్లీషు మాట్లాడే ఆఫీసర్లుంటారంట. నువ్వు సివిక్స్ చెప్పేదానివి, నోరుండేదానివి. నాలుగు దినాలు సెలవు పెట్టి రా" అంది.

ఏళ్ళ తరబడి జూనియర్ కాలేజీలో పిల్లలకు హక్కులు బోధిస్తున్నాను. నా నోటికి ఇంత గౌరవం ఇచ్చినవాళ్ళు మా ఇంట్లో లేరు. వెంటనే ఒప్పుకున్నాను.

గార్లదిన్నె: ఒక్క ఓటూ లేదు

గార్లదిన్నె దాటాక రోడ్డు పక్కన వదినకు ఒక షెడ్డు ఉంది. ఇళ్ళ మీద పెట్టుకునే నల్ల ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకులు అక్కడ చేస్తారు. మొదలుపెట్టింది మా అన్న. ఆయన కొన్నాళ్ళకే విసిగి చీనీ తోటలోకి పారిపోయాడు, షెడ్డు వదిన చేతిలో నిలబడింది. ట్యాంకుల వ్యాపారం ఎలాంటిదంటే, కరువొస్తే లేచి నడుస్తుంది, వాన పడితే ముసుగు తన్ని పడుకుంటుంది. ఈమధ్య వానలు బాగానే పడ్డాయి. ఊరంతా సంబరపడుతుంటే మా వదిన ఒక్కతే ఆకాశం వైపు చూసి "ఇంక చాల్లే సామీ" అనేది.

షెడ్డు మూసేద్దామా అనుకుంటున్న రోజుల్లో నెల్లూరు వైపు ఒక చిన్న హార్బరు నుంచి కబురొచ్చింది. వాళ్ళకు తేలే కంచె కావాలి. ఓడలు నిలిచే చోటికి దారి తప్పిన పడవలు, వరదకు కొట్టుకొచ్చే మొద్దులు, చెడ్డ బుద్ధితో వచ్చే మనుషులు చేరకుండా నీళ్ళ మీద అడ్డంగా కట్టే కంచె. నారింజ రంగు పెద్ద డ్రమ్ములను ఉక్కు తాడుకు వరసగా కట్టి, కింద వల వేలాడదీస్తారు. డ్రమ్ముల వీపు మీద ఇనుప ముళ్ళు నిలబెడతారు, ఎవరూ ఎక్కి దాటకుండా. ట్యాంకులు పోసే పొయ్యిలోనే ఈ డ్రమ్ములూ పోయవచ్చు. ముందు ఒక వరస తెచ్చి నీళ్ళలో పరీక్షకు పెట్టమన్నారు. నెగ్గితే కంచె మొత్తం మాదే, షెడ్డుకు చాలా కాలం పని. ఓడితే షట్టరు దించి తాళం వేయడమే. అందులో పనిచేసే ఆడవాళ్ళు బెంగుళూరు బస్సెక్కడమే.

ఇంట్లో పరీక్ష చేసుకోలేదా అని అడుగుతారు. చేశాం. మా దగ్గరున్న నీళ్ళలో, అంటే ఎనుములు తాగే తొట్టిలో, ఒక డ్రమ్మును దించాం. అది తేలిందో, తొట్టి అడుగున కూర్చుందో ఈనాటికీ తేలలేదు.

లారీకి లోడు ఎత్తాక కాశింబీ వచ్చింది. షెడ్డులో అతుకుల పని ఆమెది. వేడిగాలి మిషనుతో ప్లాస్టిక్ కరిగించి ఎంత చిల్లినైనా మూసేస్తుంది. ఆమె మూసిన చోటు వేలితో తడిమినా తెలియదు.

"అక్కా, అన్నీ నేనే తిప్పి తిప్పి చూసినాను. ఇప్పుడు ఒక్క ఓటు లేదు" అంది గర్వంగా.

ఓటు అంటే చిల్లి, నీళ్ళు కారే చోటు. ఓటికుండలో ఉన్న ఓటు. కానీ సివిక్స్ చెప్పేదాని చెవిన ఆ మాట పడితే ఊరుకుంటుందా?

"ఒక్క ఓటు లేకపోతే డిపాజిట్టు కూడా రాదు కదే!" అన్నాను.

నా జోకుకు నేనే నవ్వాను. 'ఇప్పుడు లేదంటే ఇంతకుముందు ఉన్నట్టే కదా' అని అడగాల్సిన మనిషిని, నవ్వుతూ లారీ ఎక్కేశాను.

తాడిపత్రి: మూత యాడ?

లారీ నడిపే మాబన్నది తాడిపత్రి. మామూలుగా బండలు తోలే మనిషి. ఖాళీ డ్రమ్ముల లోడు ఆయనకు అవమానంగా ఉంది. "బండి ఎగిరిపోతాదేమో అక్కా, బరువే లేదు" అని గుంత వచ్చినప్పుడల్లా సణిగాడు. చివరికి అడిగాడు.

"ఇంతకూ ఏంటివి ఇవి?"

"సముద్రంలో కంచె వేయడానికన్నా."

ఆయన గేరు మార్చాడు. మా వైపు చేనుకు ముళ్ళ కంప వేస్తారు, మేకలు పడకుండా. కంచె అంటే మాకు అదే.

"సముద్రానికి కంప ఏస్తాండారా! ఆడ మేకలేం పడతాయక్కా?"

తాడిపత్రిలో టీకి ఆగాం. బండలు పాలిష్ పట్టే యార్డు ముందు హోటలు, తెల్లటి పొడిలో మునిగిన మనుషులు. ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు నలభై రూపాయలు. బజ్జీ కారానికి కళ్ళు తుడుచుకుంటూ తిరిగి చూస్తే లారీ చుట్టూ జనం.

"ట్యాంకు ఎంతక్కా?" పాలిష్ పొడి మీసాలకంటిన ఒకాయన అడిగాడు.

"ట్యాంకు కాదప్పా."

"మూత యాడ? మూత లేకుంటే దోమలు పడవా?"

"ఇది నీళ్ళు పోసుకునేది కాదు. నీళ్ళలో వేసేది."

ఆయన పక్కవాళ్ళ వైపు తిరిగాడు. "ఇన్నారా? నీళ్ళల్లో ఏసే ట్యాంకంట! అన్ని నీళ్ళుంటే ట్యాంకెందుకప్పా?"

స్టాఫ్ రూములో ఎందరినో నోరు మూయించినదాన్ని. ఆ ప్రశ్నకు మాత్రం రెండో బజ్జీ కొరికాను. ఈలోగా ఒక ముసలామె డ్రమ్మును ఎనుము పొట్టను తట్టినట్టు తట్టి, వదిన చెయ్యి పట్టుకుంది.

"ఒకటి దించిపోమ్మా. సముద్రంలో ఒకటి తక్కువైతే ఏం, మునిగిపోతాదా?"

వదిన మొహం చూస్తే ఇచ్చేసేలా ఉంది. రెక్క పట్టుకుని లారీ ఎక్కించాను.

బద్వేలు దాటాక: గాలికి బిల్లు

రాత్రి బద్వేలులో పడుకుని, పొద్దున్నే బయల్దేరాం. దారిలో ఒకచోట బళ్ళు ఆపి చూస్తున్నారు. ఒకాయన లాఠీతో డ్రమ్మును కొట్టాడు. డమడమ మోగింది.

"లోపల ఏముంది?"

"ఏమీ లేదు" అంది వదిన.

"ఏమీ లేనిదాన్ని ఇంత తాళ్ళు కట్టి ఎందుకు తీసుకుపోతున్నారు?"

"గాలి ఉందండీ" అన్నాను నేను.

"గాలి అని బిల్లులో రాశారా?"

అక్కడ నా నోటికి మొదటి పని దొరికింది. గాలి సరుకా కాదా, ఊరికే దొరికేదానికి బిల్లు ఎవరివ్వాలి, లారీ టైర్లలో ఉన్న గాలికి తమరెప్పుడైనా బిల్లు అడిగారా అని వరసగా అందుకున్నాను. ఆయన మాబన్న వైపు జాలిగా చూసి, "ఈమెను ఎక్కడిదాకా తీసుకుపోతున్నావు?" అన్నాడు.

"సముద్రం దాకా సార్."

"పో, పో. తొందరగా పో."

హార్బరు: కడిగిన గ్లాసు

కొండలు దిగి నెల్లూరు వైపు వస్తే కాలువల పక్కన వరి, రోడ్డు మీదకు కారుతున్న నీళ్ళు. ఆ నీళ్ళను ఎవరూ ఆపరు, ఎవరూ తిట్టరు. మా ఊళ్ళో వీధి కొళాయి ఒక రాత్రి కారితే పొద్దున పంచాయితీ పెడతారు. ఇక్కడ ఇంటి ముందు పైపు పెట్టి తారు రోడ్డును కడుగుతున్నారు. మట్టి లేచి వస్తుందనా? తారు పూస్తుందనా?

హార్బరు దగ్గర మెస్సులో చేపల పులుసు భోజనం నూట యాభై. పులుసు బాగుందని ఒప్పుకోక తప్పదు. మామిడికాయ ముక్కలు వేసి, నిన్నటి పులుసును ఇవాళ పెట్టారు. అలా పెట్టడమే గొప్పట అక్కడ. మా ఇంట్లో నిన్నటి పులుసు పెడితే మా ఆయన అలిగి పడుకుంటాడు. మెస్సు నడిపే ఆమె గ్లాసు నిండా నీళ్ళు పోసి, ఒకసారి తిప్పి, గుమ్మం అవతల పారబోసి, మళ్ళీ నింపి మా ముందు పెట్టింది. వదిన చెయ్యి అన్నం దగ్గరే ఆగిపోయింది.

"గ్లాసు కడిగేదానికి గ్లాసుడు నీళ్ళా?"

"ఏందిమా, నీళ్ళకు కూడా లెక్క చూస్తారా ఎవరైనా?" అందామె నవ్వుతూ.

"చూస్తాము" అంది వదిన. నవ్వలేదు.

లాడ్జిలో కొళాయి చుక్క చుక్కగా కారుతోంది. చెబితే కుర్చీలోని మనిషి "అది ఎప్పట్నుంచో అంతేనండీ" అన్నాడు, మర్యాదగా. వదిన తన చీర అంచులో దారం పీకి, కొళాయి మరకు చుట్టి బిగించాకే పడుకుంది.

సముద్రం చూసినప్పుడు ఏమనిపించిందని ఇంటికొచ్చాక అందరూ అడిగారు. నాకేమనిపించిందో చెప్పుకోనీయకుండా వదిన ముందే వంగి, అరచేత్తో కాసిన్ని తీసుకుని నాలుక మీద వేసుకుంది.

"ఇదంతా ఉప్పేనా?"

"అంతా ఉప్పే."

"ఇంత పెట్టుకుని ఒక్క బిందెకు పనికిరాదా?" అని చెయ్యి కొంగుకు తుడుచుకుంది. సముద్రం సంగతి అక్కడితో ముగిసింది.

గెలిచిన వాదన

మర్నాడు పొద్దున డ్రమ్ములను తాడుకు కట్టి, క్రేనుతో నీళ్ళలోకి దించారు. పరీక్ష చూసే ఇంజనీరు నెమ్మదస్తుడు, నలభై లోపు మనిషి. పోలయ్య అనే మరపడవాయన తన పడవతో తాడు కొస పట్టి లాగాడు. డ్రమ్ములు వరసగా నీళ్ళ మీద నిలిచాయి. ఎంత ముద్దుగా ఉన్నాయో! వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఒక అల వచ్చింది. మొదటి డ్రమ్ము తలూపింది, పక్కకు ఒరిగింది, గుభిల్లుమని బోర్లాపడింది. దాని వెనక రెండోది, మూడోది. చూస్తుండగానే వరస మొత్తం ముళ్ళు నీళ్ళలో ముంచి, పొట్టలు పైకి పెట్టి పడుకుంది. ఎండాకాలంలో ఎనుములు మడుగులో పొర్లినట్టు.

"ఏందమ్మా, మీ డ్రమ్ములు పండుకున్నాయే!" అని పోలయ్య పడవలోంచి అరిచాడు. "దిండ్లు కూడా తెచ్చారా?"

ఇంజనీరు నా వైపు వచ్చాడు. "మేడమ్, వీటి కింది భాగంలో..."

"కింది భాగం సంగతి తర్వాత. డ్రాయింగు ఎవరిది? మీది."

"మాదే మేడమ్. కానీ ఆ కింద..."

"మీరిచ్చిన కొలత, మీరిచ్చిన మందం, మీరు చెప్పిన రంగు. తయారీ ఒక్కటే మాది. మేము తప్పు చేసి ఉంటే ఒకటి బోర్లాపడాలి, రెండు పడాలి. అన్నీ ఒకే మాట మీద పడ్డాయంటే అది డ్రాయింగులో ఉన్న తప్పే."

"మేడమ్, కింద నీళ్ళు..."

"నీళ్ళు మీవే, సముద్రం మీదే, డ్రాయింగూ మీదే. మా ప్లాస్టిక్కు ఒక్కటే దోషా?"

ఆయన మరో రెండుసార్లు "కింద" అన్నాడు. నేను ఆ మాట దాటనివ్వలేదు. ప్రాథమిక హక్కుల నుంచి సహజ న్యాయసూత్రాల దాకా పోయాను. చివరికి ఆయన టోపీ తీసి నుదురు తుడుచుకుని, "సరే మేడమ్. మా డ్రాయింగులోనే ఏదైనా లోపం ఉందేమో, పైవాళ్ళకు రాస్తాను" అన్నాడు.

గెలిచాను! నాలుగు దినాల సెలవు వృథా పోలేదు. వదిన కోసం చూస్తే ఆమె గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. వరసలో కట్టకుండా మిగిల్చిన డ్రమ్మును బోర్లా తిప్పి, దాని అడుగును వేళ్ళతో తడుముతోంది.

"లలితా, మన అచ్చులో ఈడ నాలుగు రంధ్రాలుండాయి. అచ్చు చేయించింది నేనే. నాకు తెలుసు. రంధ్రాలేవి?"

ఇంజనీరు ఎట్టకేలకు దారి దొరికినవాడిలా ఉరికి వచ్చాడు. "అదేనమ్మా నేను చెప్పబోయేది! కింద ఒక అర ఉంది కదా, రంధ్రాల గుండా అందులోకి నీళ్ళు చేరాలి. ఆ బరువుకే డ్రమ్ము నిటారుగా నిలబడేది. పై అరలో గాలి, కింది అరలో నీళ్ళు. ఇవి ఖాళీగా ఉన్నాయి, అందుకే దొర్లిపోయాయి."

వదిన నన్ను చూసింది. నేను వదినను చూశాను. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చింది. తిప్పి తిప్పి చూసి, ఒక్క ఓటూ లేకుండా చేసిన మనిషి.

"అప్పా, తప్పు మీది కాదు. మాదే" అంది వదిన.

నేను ఆమె కాలు తొక్కాను. "వదినా, గెలిచిన కేసు ఇది! ఆయన ఒప్పుకున్నాడు."

"గెలిచి ఏం చేస్కుంటావు? డ్రమ్ములు బోర్లాపడి ఉండాయి."

ఇంజనీరు మంచివాడు. నన్ను చూడకుండా వదినతోనే మాట్లాడాడు. "రేపు పొద్దున ఇంకోసారి దించుదాం. అప్పుడూ ఇలాగే ఉంటే మాత్రం నేనేం చేయలేనమ్మా, పైవాళ్ళు వేరేవాళ్ళను చూసుకుంటారు."

చిల్లు

వదిన కాశింబీకి ఫోను చేసింది. స్పీకరు పెట్టింది.

"ఏమే కాశింబీ, డ్రమ్ముల అడుగున రంధ్రాలు పూడ్చినావా?"

"పూడ్చినానక్కా! నువ్వు బ్యాంకుకు పోయింటివి. ప్రతిదానికీ నాలుగు నాలుగు. అచ్చు చెడిపోయిందేమో అనుకుని అన్నీ మూసినాను. భుజాలు పడిపోయినాయనుకో. యాడ మూసినానో నువ్వు కూడా కనుక్కోలేవు."

"కనుక్కోలేకనే అడుగుతాండా. అవి మళ్ళీ తెరవాల."

"ఏంటికక్కా?"

"లోపలికి నీళ్ళు పోవాలంట."

"లోపలికి నీళ్ళు పోయేది ట్యాంకెట్లయితాది? అయ్యో, వాళ్ళు నిన్ను మోసం చేస్తాండారు. లలితక్క ఉండాది కదా, మాట్లాడమను."

"లలిత మాట్లాడింది లే" అంది వదిన.

పోలయ్య దగ్గర పడవలు బాగుచేసే డ్రిల్లు ఉంది. ఇచ్చాడు, పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "పడవకు చిల్లు పడితే పూడ్చుకుంటాం. కావాలని పొడిచేవాళ్ళను ఇదే చూడ్డం" అని పక్క పడవవాళ్ళను కూడా పిలిచాడు, వినోదం ఒక్కడే చూడడం ఇష్టం లేక.

వదిన డ్రిల్లు పట్టుకుని డ్రమ్ము మీద ఆనించింది. తీసేసింది. మళ్ళీ ఆనించింది. మళ్ళీ తీసేసింది.

"నేను పొడుస్తాను, ఇటివ్వు" అన్నాను.

"ఉండు."

డ్రిల్లు ఒళ్ళో పెట్టుకుని నీళ్ళ వైపు చూస్తూ చెప్పింది. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక ట్యాంకు కారిందట. కొన్నామె కళ్యాణదుర్గం అవతలి పల్లె నుంచి బస్సెక్కి వచ్చింది. తిట్టలేదు, దుడ్లు అడగలేదు. షెడ్డు ముందర కూర్చుని ఏడ్చింది. ఆ పల్లెకు నీళ్ళ ట్యాంకరు వచ్చేది వారానికొకసారి. ట్యాంకు నింపుకుని పనికి పోయి వచ్చేసరికి వారం నీళ్ళు మిద్దె మీద నుంచి వీధిలోకి పోయాయి.

"ఆ పొద్దు కాశింబీ కూడా ఆడే ఉండె" అంది వదిన. "అప్పట్నుంచి అది ఓటు చూస్తే ఊరుకోదు. నేనే నేర్పినాను దానికి. ఇప్పుడు నా చేత్తో..."

పోలయ్య నవ్వు ఆపేశాడు. లేచి వచ్చి డ్రమ్మును రెండు కాళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాడు. "నీళ్ళు యాడికీ పోవమ్మా. సముద్రంలోంచి డ్రమ్ములోకి, డ్రమ్ములోంచి సముద్రంలోకి. పొడువు."

వదిన డ్రమ్ముకు దణ్ణం పెట్టుకుని, పళ్ళు బిగించి పొడిచింది. ప్లాస్టిక్ చుట్టలు చుట్టలుగా లేచింది. రెండోదానికి దణ్ణం పెట్టలేదు. పొద్దు గూకేలోపు అన్నిటికీ పొడిచింది. నాకిచ్చిన పని చెత్త ఊడ్చడం. నోరు మూసుకుని ఊడ్చాను.

నిటారుగా

పొద్దున మళ్ళీ దించారు. రంధ్రాల గుండా నీళ్ళు లోపలికి పోతుంటే డ్రమ్ములు బుడబుడమన్నాయి. వదిన కళ్ళు మూసుకుంది. డ్రమ్ములు ఒక్కొక్కటే కిందికి దిగాయి, దిగి, దిగి, సగానికి ఆగాయి. అల వచ్చింది. వరస మొత్తం ఒకసారి లేచి, ఒకసారి వంగి, మళ్ళీ నిలబడింది. ముళ్ళు ఆకాశంలోకి.

"తెరువు కళ్ళు" అన్నాను.

ఇంజనీరు చెయ్యి ఊపగానే పోలయ్య పడవను వెనక్కి తీసి, పాత కోపమేదో తీర్చుకున్నట్టు వచ్చి కంచెను గుద్దాడు. కంచె విల్లులా వంగింది, పడవను పట్టింది, మెల్లగా వెనక్కి తోసింది. పోలయ్య పడవలో వెల్లకిలా పడ్డాడు. లేచి, "పడుకోవడం నా వంతయింది మా!" అని అరిచాడు. ఇంజనీరు కాగితం మీద సంతకం పెట్టి వదిన చేతికిచ్చాడు, నా చేతికి కాదు.

కంచె మొత్తం మాకే వచ్చింది. షెడ్డు నడుస్తోంది. ఇంకొక తగాదా మాత్రం తిరిగొచ్చాక తీర్చాల్సి వచ్చింది. డ్రమ్ముల రంధ్రాలు ఇక మూయనని కాశింబీ చేత అనిపించడానికి నాకు ఒక పూట పట్టింది. ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది. ట్యాంకుల మీద మా అమ్మ పేరు అచ్చులోనే పడుతుంది, 'నారాయణమ్మ' అని. డ్రమ్ముల మీద అది పడకూడదంది.

"ఓటి సామాను మీద పెద్దమ్మ పేరా? నేనుండగా పడదు."

ఈసారి నేను వాదించలేదు. అచ్చులో పేరున్న చోట రేకు ముక్క వేశారు.

మీరెవరైనా నెల్లూరు వైపు పోయి, ఏదైనా హార్బరులో తేలే కంచె కనిపిస్తే కాసేపు ఆగి చూడండి. నారింజ రంగు డ్రమ్ముల మీద ఏ పేరూ లేకపోతే, అవి మావే.